సోలార్ ఇంట్లో ఏటీఎస్: వేసవులు దాటాక నా సమీక్ష

మాది నరసరావుపేట దగ్గర పల్లె. మేడ మీద ప్యానెళ్ళు, లోపల 5 కిలోవాట్ల ఆఫ్‌గ్రిడ్ ఇన్వర్టరు, 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీ ఉన్నాయి. నేను రాసేది వాటి గురించి కాదు. మెయిన్ బోర్డులో వాటికీ డిపార్ట్‌మెంటు లైను కరెంటుకీ మధ్య కూర్చున్న ఏటీఎస్ గురించి, అంటే సప్లైని ఒకదాని నుంచి ఇంకోదానికి తనంతట తానే మార్చే ఆటోమేటిక్ ట్రాన్స్‌ఫర్ స్విచ్చు. బోర్డులోని లోహపు పట్టీ (డిన్ రైల్) మీద బిగించే 63 ఆంపియర్ల టూపోల్ రకం, అంటే ఫేజునీ న్యూట్రల్‌నీ రెండిటినీ మార్చేది. దాని 'A' వైపు సోలార్, 'B' వైపు లైను. ఇన్వర్టరు సప్లై ఇస్తున్నంతసేపు ఇల్లు దాని మీదే నడుస్తుంది. అది ఆగగానే టక్కున లైనుకి మారుతుంది.

ఇన్వర్టరు లోపలే బైపాస్ (లైను కరెంటుని నేరుగా ఇంటికి వదిలే దారి) ఉంటుంది కదా, ఇదెందుకని చాలామంది అడుగుతారు. ఉంటుంది. కానీ ఇన్వర్టరే మొరాయిస్తే ఆ బైపాస్ కూడా దాంతోపాటే పోతుంది. అందుకే మా ఇన్వర్టరుకి లైను కరెంటు అసలు ఇవ్వలేదు, మార్చే పని బయట పెట్టించాం. రిపేరుకి ఇన్వర్టరు పట్టుకెళ్ళినా ఇంట్లో ఫ్యాను ఆగలేదు. ఈ ఒక్కదానికే పెట్టిన డబ్బు గిట్టిందనుకుంటాను.

ఇక తలనొప్పుల సంగతి. మొదట వచ్చింది రాత్రిపూట టకటక. బ్యాటరీ అడుగంటే వేళకి స్విచ్చు సోలార్‌కీ లైనుకీ మధ్య కొట్టుకోవడం మొదలెట్టేది. లైట్లు ఆరి వెలిగేవి, ఫ్రిజ్ మూలిగేది. బిగించినతను స్విచ్చు పోయింది, కొత్తది వేద్దామన్నాడు. ఇన్వర్టరు స్క్రీను చూస్తూ కూర్చుంటే విషయం తెలిసింది. 48 వోల్టులకి బ్యాటరీ పడగానే ఇన్వర్టరు ఆగుతుంది, లోడు లైనుకి పోతుంది. బరువు దిగిన బ్యాటరీ నిమిషంలో 50 దాటుతుంది. తిరిగి మొదలవ్వాల్సిన సెట్టింగ్ కూడా 50 దగ్గరే ఉంది కాబట్టి ఇన్వర్టరు మళ్ళీ లేస్తుంది, లోడు మీద పడగానే మళ్ళీ కూలుతుంది. పాపం ఏటీఎస్ చెప్పినట్టు వింటోంది, అంతే.

లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీకి మధ్యలో వోల్టేజి దాదాపు కదలదు. సగం నిండినా, ముప్పావు నిండినా మీటరు ఇంచుమించు ఒకే అంకె చూపిస్తుంది. అందుకని తిరిగి మొదలయ్యే వోల్టేజి, ఎండ వచ్చి చార్జింగ్ జరుగుతుంటే తప్ప అందుకోలేనంత ఎత్తులో ఉండాలి. 16 సెల్లుల బ్యాటరీకి నేను 54 పెట్టాను. అప్పటి నుంచి రాత్రి ఒకసారి లైనుకి, పొద్దున ఎండెక్కాక ఒకసారి సోలార్‌కి. బీఎంఎస్‌తో (బ్యాటరీ లోపల దాన్ని కనిపెట్టుకుని ఉండే బోర్డు) ఇన్వర్టరుకి మాట కలిసే కేబుల్ ఉన్నవాళ్ళు వోల్టేజి వదిలేసి చార్జింగ్ శాతం మీద పెట్టుకోవడం ఇంకా మేలు.

రెండోది లో వోల్టేజి. పొలాల మోటార్లకి త్రీఫేజు వదిలారంటే మా వీధిలో లైను నీరసపడిపోతుంది. చవక ఏటీఎస్‌కి కరెంటు ఉందా లేదా అన్నదే తెలుస్తుంది, మంచి కరెంటా కాదా అన్నది పట్టదు. లోపలి రిలే ఒకసారి పట్టుకున్నాక వోల్టేజి బాగా కిందికి వస్తే గానీ వదలదు. సరిగ్గా ఆ అంచున ఉంటే పట్టీ వదిలీ గిరగిరలాడుతుంది, కాంటాక్టులు కాలేది అప్పుడే. దీనికి మందు ఏటీఎస్‌లో లేదు. లైను వైపు, ఏటీఎస్‌కి ముందు, సెట్ చేసుకునే ఓవర్-అండర్ వోల్టేజి ప్రొటెక్టర్ వేయించాలి. కింద 180, పైన 260, తిరిగి కలిపే ముందు మూడు నిమిషాల ఆగుడు. ఆ ఆగుడు ఫ్రిజ్ కోసం. కంప్రెసర్ ఆగీ ఆగగానే మళ్ళీ కరెంటిస్తే లోపలి ప్రెషర్ మీద తిరగలేక ఓవర్‌లోడ్ కొడుతుంది. సోలార్ నుంచి లైనుకి మారే తక్షణ మార్పుకి మాత్రం ఇది అడ్డుపడదు, కాబట్టి ఫ్రిజ్‌కి టైమ్ డిలే ఉన్న స్టెబిలైజర్ విడిగా ఉంచాను.

ఇప్పుడు అసలు పురుగు: న్యూట్రల్. సోలార్ మీద ఇల్లు హాయిగా నడుస్తుంది, లైనుకి మారిన క్షణమే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కోసేసే బ్రేకర్) పడిపోతుంది. లోడు వైపు ఎంసీబీలన్నీ (ఒక్కో గదికీ ఉండే చిన్న బ్రేకర్లు) దించి ఒక్కొక్కటే లేపితే వంటగది దగ్గర దొరికింది. ఆ గది న్యూట్రల్ వైరు, బ్యాకప్‌లో లేని గీజరు న్యూట్రల్‌తో కలిసి డిపార్ట్‌మెంటు న్యూట్రల్ బార్‌కి పోతోంది. లైను మీద ఉన్నప్పుడు తిరిగొచ్చే కరెంటు రెండు దార్లలో చీలుతుంది, వెళ్ళినదానికీ వచ్చినదానికీ లెక్క తప్పుతుంది, ఆర్‌సీసీబీ పడుతుంది. సోలార్ మీద ఇన్వర్టరుకి చేరే దారి ఒక్కటే కాబట్టి తేడా కనపడదు. వంటగది న్యూట్రల్ విడదీసి, ఏటీఎస్ తర్వాత ఉండే బ్యాకప్ న్యూట్రల్ బార్‌కి కలిపితే తీరిపోయింది. పాత ఇళ్ళలో ఇది మామూలే, ముందే వెతికించుకోండి.

దీని తమ్ముడు ఇంకోటి ఉంది, చప్పుడు చేయదు కాబట్టి మరీ చెడ్డది. సోలార్ మీద ఉన్నప్పుడు సాకెట్టులో టెస్టర్ పెడితే రెండు కన్నాల్లోనూ వెలుగుతుందా? అంటే మీ ఇన్వర్టరు న్యూట్రల్‌కి ఎర్తింగ్‌తో సంబంధం లేదన్నమాట. అలాంటప్పుడు ఒకచోట లీకేజీ వచ్చినా ఆర్‌సీసీబీ గుర్తుపట్టదు. రెండోచోట కూడా వస్తే మనిషికి ముప్పు. టెస్ట్ బటన్ నొక్కితే ఠపీమని పడుతుంది గదా అని ధీమా వద్దు, ఆ బటన్‌కి ఎర్తింగ్‌తో పనే లేదు. ఇన్వర్టరు వైపు న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపాలి, అదీ న్యూట్రల్‌ని కూడా మార్చే టూపోల్ ఏటీఎస్ ఉంటేనే. కొన్ని ఇన్వర్టర్లలో ఈ కలుపు లోపలే ఉంటుంది, మాన్యువల్ చూడకుండా రెండోది వేయకూడదు. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

చిన్నాచితకా: పోగుల వైరుకి లగ్గు (కొసకి నొక్కి తొడిగే లోహపు తొడుగు) లేకుండా స్క్రూ బిగిస్తే నాలుగు నెలలకి వదులై ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది. బిగించేటప్పుడు మెయిన్ ఒక్కటే దించితే చాలదు, రెండో వైపు ఇన్వర్టరు సప్లై బతికే ఉంటుంది. వానాకాలం చీమలు కాంటాక్టుల మధ్య దూరతాయి, వైర్లు వచ్చే కన్నాలు మూసేయాలి.

కంప్యూటరు విషయంలో ఆశ పెట్టుకోకండి. 50 హెర్ట్జ్ కరెంటులో ఒక సైకిల్ 20 మిల్లీసెకన్లు, కంప్యూటరు సప్లై సుమారు అంతవరకే ఓర్చుకుంటుంది. ఈ మెకానికల్ స్విచ్చు అంతకంటే నిదానం. డెస్క్‌టాప్‌కి చిన్న యూపీఎస్, రౌటర్‌కి 12 వోల్టుల బుల్లి బ్యాకప్ పెట్టాక మా అమ్మాయి గొడవ ఆగింది.

మళ్ళీ కొనాల్సొస్తే ఈ రకమే కొంటాను, కానీ మూడు చూసి: టూపోల్ ఉండాలి, చేత్తో తిప్పే లివర్ ఉండాలి, రెండు సప్లైలూ ఒకేసారి కలవకుండా లోపల మెకానికల్ ఇంటర్‌లాక్ ఉండాలి. రెండు ఎంసీబీలు పక్కపక్కన పెట్టి, ఒకటి దించాకే రెండోది లేపుతామంటే నేనొప్పుకోను. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించి పనికి తీసుకునే అనుమతి) తీసుకుని స్తంభమెక్కిన లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి కరెంటు ఎదురెళ్ళేది అక్కడే.