ప్రేమ సీరియల్స్‌కి రెండు స్టార్లు, ఫాంటసీ చిన్న కథలకి నాలుగు

తెలుగు కథల యాప్ ఒకదానికి ఆరు నెలల చందా కట్టాను, ఈ నెలతో అయిపోతోంది. మళ్ళీ కట్టాలా వద్దా అని ఆలోచిస్తూ ఇది రాస్తున్నాను. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇలాంటివి మూడు వేసుకుని చూశాను, మూడింట్లోనూ కథలు ఒకే తీరు, తర్వాతి భాగం తెరుచుకోకుండా వేసే తాళాలూ ఒకే తీరు. కాబట్టి యాప్ గురించి తక్కువ, అందులో చదివిన వాటి గురించి ఎక్కువ చెప్తాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బస్సెక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే ఆంధ్రా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, అప్పటినుంచీ మాలాంటి ఇళ్ళలో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఇప్పుడు మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం ఆరుగురం, చదవగలిగేది నేనొక్కదాన్నే. నాకు మా తాతయ్య చందమామలు ముందు పెట్టి అక్షరాలు నేర్పాడు. బళ్ళో నా పక్కన కూర్చునే అమ్మాయి దగ్గర అదే పత్రిక జహ్నమాము పేరుతో ఒడియాలో ఉండేది, బొమ్మలు అవే, లిపి వేరు. ఇద్దరం పక్కపక్కన పెట్టుకుని చూసేవాళ్ళం.

ఇదంతా ఎందుకంటే, నేను ఈ కథలు ఒక్కదాన్నే చదవలేదు. రాత్రి అన్నాలయ్యాక మా చిన్నమ్మ, పక్కింటి వదిన, ఎనిమిదో తరగతి చదివే మా మేనకోడలు వచ్చి కూర్చుంటారు, నేను ఫోన్ చూసి పైకి చదువుతాను. ఆరు నెలలుగా అదే అలవాటు. లోపల లోపల చదువుకుంటే చెత్త కూడా గడిచిపోతుంది, కళ్ళు నాలుగు లైన్లు దాటేస్తాయి. పైకి చదివితే ఒక్క లైను కూడా దాటడానికి లేదు, ఎదురుగా ముగ్గురు వింటున్నారు. కథలో సరుకుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ప్రేమ నవలలతోనే మొదలుపెట్టాం, అందరూ అవే కావాలన్నారు. మొదటిది రెండు వందల భాగాలు దాటిన సీరియల్. హీరో పెద్ద కంపెనీ సీఈఓ, హీరోయిన్ తండ్రి ఆపరేషన్‌కి డబ్బుల్లేని అమ్మాయి, ఏడాదికి కాంట్రాక్ట్ పెళ్లి. ఇందులో తప్పేం లేదు, డబ్బున్న అబ్బాయి, పొగరున్న పేద అమ్మాయి మన వారపత్రికల సీరియల్స్ రోజులనుంచీ ఉన్నదే, ఆ జంటని ఇష్టపడే నేను పెరిగాను. కానీ ఆ పాత సీరియల్స్‌లో అమ్మాయి ఉద్యోగం చేసేది, లెక్కలు చూసేది, ఎదురు మాట్లాడేది, ఆమె రోజు ఎలా గడుస్తుందో మనకి తెలిసేది. ఈ అమ్మాయి నలభై భాగాల వరకూ ఏడవడం, కళ్ళు తిరిగి పడిపోవడం తప్ప ఏమీ చెయ్యలేదు. తండ్రి ఆపరేషన్ అయిందో లేదో కూడా రచయిత మర్చిపోయారు. మా వదిన మాత్రం మర్చిపోలేదు, రోజూ అడిగేది, "ఆ ముసలాయన ఎలా ఉన్నాడు?" అని.

ఇంకోటి, ఈ భాష. "అతని దవడ బిగుసుకుంది" అని ఒకే భాగంలో నాలుగు సార్లు వచ్చింది. మూడోసారి చిన్నమ్మ ఆపింది, "ఆ బాబుకి పన్ను నొప్పేటమ్మా?" అని. నిజంగానే అడిగింది. నాకు అప్పుడర్థమైంది, ఇది తెలుగులో కోపం వచ్చిన మనిషి కాదు, ఇంకెక్కడో ఇంగ్లీషు పుస్తకంలో కోపం వచ్చిన మనిషిని తీసుకొచ్చి పెట్టారు. మన దగ్గర కోపం వస్తే కంచం ముందునుంచి లేచిపోతారు, పేరు పెట్టి పిలవడం మానేస్తారు, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడకుండా గోడకి చెప్తున్నట్టు చెప్తారు. ఇవన్నీ మన చేతిలో ఉండగా ఆ దవడ ఎందుకు?

వీటికంటే నన్ను బాధపెట్టింది వేరే ఉంది. నేను చదివిన పదకొండు ప్రేమ సీరియల్స్‌లో ఏడింట్లో హీరో హీరోయిన్ మణికట్టు గట్టిగా పట్టుకుని లాక్కెళ్తాడు, ఆమె చెయ్యి ఎర్రగా కందిపోతుంది, దాన్ని ప్రేమ అని రాస్తారు. ఫోన్ లాక్కోవడం ప్రేమ, ఇంకొకరితో మాట్లాడితే తలుపు వేసెయ్యడం ప్రేమ. పదమూడేళ్ళ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నేను అది పైకి చదవలేకపోయాను. ఆపేసి, ఇది తప్పు, ఇలా చేసేవాడు మంచివాడు కాదు అని చెప్పి ఇంకో కథ తీశాను. రాసేవాళ్ళలో చాలామంది ఆడవాళ్ళే, చదివేదీ మనమే. మనం మనకి ఇదా చెప్పుకోవాల్సింది?

అన్నీ అలాంటివే అంటే మాత్రం అన్యాయం. ఒక చిన్న నవల దొరికింది, ముప్ఫై రెండు భాగాలే. టైలరింగ్ షాపు నడుపుకునే నలభై ఏళ్ళ వితంతువు, రోజూ ఆ షాపు ముందు బస్సు ఆపే కండక్టర్. ఆయన చొక్కా జేబు చిరిగితే కుట్టించుకోవడానికి వస్తాడు, ఆమె కుట్టి ఇస్తుంది, డబ్బులు తీసుకుంటుంది, చిల్లర లెక్కపెట్టి ఇస్తుంది. పది భాగాల వరకూ అంతే. కానీ ఆ జేబు ఎలా కుట్టిందో, పాత దారం విప్పి అదే రంగు దారం కోసం డబ్బా అంతా ఎలా వెతికిందో రచయిత్రి రాసిన తీరుకి మా వదిన కదలకుండా విన్నది, తనకీ మిషన్ పనే మరి. ఆ కండక్టర్ డ్యూటీ రూటు మారిన రోజు బస్సు వస్తుంది, మెట్టు మీద వేరే మనిషి ఉంటాడు. ఆమె మిషన్ తొక్కడం ఆపదు. ఆ భాగం అయ్యాక మా నలుగురిలో ఎవరూ మాట్లాడలేదు. పైన చెప్పిన రెండు స్టార్లలో ఒకటిన్నర ఈ నవలదే.

ఇక ఫాంటసీ చిన్న కథలు. ఇవి మొదట నేను పట్టించుకోలేదు, మేనకోడలు పట్టుబడితే తీశాను. ఒక్కోటి పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, తాళాలు తక్కువ, రేపటిదాకా ఆగక్కర్లేదు. ఇందులోనూ పొట్టు చాలా ఉంది. మంచు కోటలు, కత్తి పట్టిన రాకుమారుడు, డ్రాగన్, ఊరి పేరు మాత్రం తెలుగు. మంచు ఎప్పుడూ చూడని మనిషి మంచు గురించి రాస్తే చదివేవాళ్ళకి చలి వెయ్యదు. మాకు మహేంద్రగిరి ఉంది, పాండవులు తిరిగారని చెప్పుకునే కొండ, దాని మీద పొద్దున్న మబ్బు దిగితే పక్క మనిషి కనపడడు. అలాంటి చోటు ఒక్క కథలోనూ లేదు.

అయితే మంచివి మాత్రం ఎంత మంచివంటే, ఒకదాని గురించి ఇంకా మాట్లాడుకుంటున్నాం. ఒక ఏటి ఒడ్డున మూగపిల్ల. ఏరు ఆ పిల్లకి గొంతు అప్పిస్తుంది, కానీ వాడుకున్న ప్రతిసారీ పిల్లకి తెలిసిన మాట ఒకటి ఏరు తీసేసుకుంటుంది, ఏ మాట పోతుందో ముందు తెలియదు. మొదట పాట పాడి చుట్టం పేరు ఒకటి పోగొట్టుకుంటుంది. తర్వాత బేరం ఆడి ఒక రంగు పేరు. చివరికి "ఆకలి" అనే మాట పోతుంది. గొంతుంది, ఆకలేస్తోంది, అడగడానికి మాట లేదు. తల్లి ముందు నిలబడి ఉంటుంది.

చిన్నమ్మ ఆ రాత్రి పడుకోలేదు. పొద్దున్న లేచి నాతో అంది, "మన గుంటకీ అలాగే పోతున్నాయి కదే మాటలు." మేనకోడల్ని ఉద్దేశించి. నిజమే, ఆ పిల్లకి "సాంత్వన" అంటే తెలుసు, ఒడియాలో కూడా ఉంది కాబట్టి, "ఓదార్పు" అంటే తెలియదు. ఆ కథ రాసినవాళ్ళు మా సరిహద్దు ఊళ్ళ గురించి ఆలోచించి ఉండరు. అయినా మా ఇంటి సంగతే చెప్పారు. మాయకి ఒక కట్టుబాటు పెట్టి, ఆ కట్టుబాటుని చివరిదాకా తప్పకుండా నిలబెట్టడం వల్ల అది వచ్చింది. ప్రేమ సీరియల్స్‌లో ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే అపార్థాన్ని అరవై భాగాలు లాగుతారు, ఎందుకంటే అక్కడ దేనికీ కట్టుబాటు లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎవరికైనా మతిమరుపు రావచ్చు.

యాప్ విషయానికొస్తే, సరిగ్గా టెన్షన్ పెరిగే చోట తాళం వేస్తారు, చందా కట్టినా కొన్ని సీరియల్స్‌కి విడిగా కాయిన్లు కొనాలి. ఇది చందా కట్టే ముందు ఎక్కడా స్పష్టంగా కనపడలేదు, నాకు రెండోవారంలో తెలిసింది. అడుగుతూ రెండుసార్లు మెసేజ్ పెట్టాను, రెండుసార్లూ ఒకే రెడీమేడ్ జవాబు. మెషీన్ గొంతుతో వినే సౌకర్యం ఉంది కానీ అది కామా దగ్గర ఆగదు, ప్రశ్న దగ్గర గొంతు లేపదు, చిన్నమ్మ రెండు నిమిషాలు విని ఫోన్ నాకే ఇచ్చేసింది. మా వైపు చెవులకి తెలుగు వచ్చు, కళ్ళకి రాదు. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇలాంటి ఇళ్ళు బోలెడు. మనిషి గొంతుతో చదివించి పెడితే వినడానికి డబ్బు కట్టేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

రచయితలకి ఒక్క మాట. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. నోటి భాషనే రాయాలని ఆయన పట్టుబట్టింది ఇక్కడ ఉండగానే, పక్కనున్న సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి నిఘంటువు చేసిందీ ఆయనే. మీ పాత్రలు హైదరాబాద్‌లో ఉంటే హైదరాబాద్ మాటే మాట్లాడనివ్వండి, మా దాకా వస్తే మా మాట. ఆరు నెలల్లో "ఏమిటి" అనకుండా మాలాగా "ఏటి" అన్న పాత్ర నాకు ఒక్కటే దొరికింది, అది కూడా పనిమనిషి పాత్ర. ఆ రోజు చిన్నమ్మ ముందు సంతోషపడి, తర్వాత ఊరుకుంది.

ఆటో పే ఆపేశాను. చిన్న కథల కోసం ఒక్క నెలకి మాత్రం కడతాను, పిల్లకి వార్షిక పరీక్షలయ్యాక. ఈలోపు పదిహేను నిమిషాల్లో అయిపోయే మంచి ఫాంటసీ కథలుగానీ, నలభై భాగాలు దాటని ప్రేమ నవలలుగానీ మీకు తెలిస్తే చెప్పండి, కండక్టర్ మళ్ళీ వస్తాడా అని వదిన ఇంకా అడుగుతోంది, రెండో భాగం ఉందేమో అది కూడా.