క్షమాపణ చెప్పిన టీవీ, ఈమెయిల్స్ ఇవ్వని రేడియో

2009 మార్చిలో డబ్లిన్‌లోని నేషనల్ గ్యాలరీ గోడకి ఐర్లండ్ ప్రధాని బ్రయన్ కవెన్ నగ్న వ్యంగ్యచిత్రాన్ని ఎవరో గుట్టుగా తగిలించి వెళ్లారు. అప్పటికి ప్రభుత్వం బ్యాంకుల అప్పులకి పూచీ పడి ఆరు నెలలు, ఆంగ్లో ఐరిష్ బ్యాంకుని జాతీయం చేసి రెండు నెలలు. ఉద్యోగాలు పోతున్న జనం కోపంగా ఉన్నారు.

ప్రభుత్వ ప్రసార సంస్థ ఆర్‌టీఈ ఈ సంగతిని రాత్రి 9 గంటల వార్తల్లో చూపించింది. ప్రధాని కార్యాలయం అభ్యంతరం చెప్పగానే, మర్నాడే అదే వార్తల్లో ప్రధానికీ ఆయన కుటుంబానికీ క్షమాపణ చెప్పి, కథనాన్ని వెబ్‌సైట్ నుంచి తీసేసింది. టీవీ ఉన్న ఇళ్లు కట్టే, ఆర్‌టీఈని నడిపించే లైసెన్స్ ఫీజు ఎంతో నిర్ణయించేది ప్రభుత్వమే కాబట్టి వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, కానీ వార్తలో తప్పేమీ లేదు కదా, దేనికి క్షమాపణ?

ప్రైవేటు రేడియో టుడే ఎఫ్‌ఎం దగ్గరికైతే ఏకంగా పోలీసులే వచ్చారు, చిత్రకారుడు పంపిన ఈమెయిల్స్ ఇమ్మని. వారంట్ లేకుండా ఇచ్చేది లేదన్నారు రేడియోవాళ్లు. నా దృష్టిలో అసలు జర్నలిజం ఇదే. ఆ ఒక్క మాటతో, పేరు చెప్పకుండా తమని నమ్మి రాసిన మనిషికి అండగా నిలబడ్డారు.