కిలోమీటర్లు ఓకే, గంటలు మాత్రం నమ్మకండి (నాలుగేళ్లు వాడాక)

రెండు ఊళ్ల పేర్లు కొడితే మధ్యలో ఎన్ని కిలోమీటర్లో, ఫ్లైట్‌లో ఎన్ని గంటలో చెప్పే యాప్ ఒకటి నాలుగేళ్లుగా నా ఫోన్‌లో ఉంది. ఎలా వాడాలో అందరికీ తెలిసిందే, నా బాధంతా అది చూపించే గంటల గురించే. ఆ అంకెని నమ్మి అమ్మని చాలా ఇబ్బంది పెట్టా, ఆ కోపం ఇంకా పోలేదు.

టోక్యో నుంచి హెల్సింకీకి సుమారు 7,800 కిలోమీటర్లు, 9 గంటల 40 నిమిషాలు అని చూపించింది. అమ్మకి ఎక్కువసేపు కూర్చుంటే కాళ్లు వాచిపోతాయి, పది గంటలు దాటనివ్వొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు, అందుకే వేరే రూట్లన్నీ వదిలేసి ఇదే బుక్ చేశా. టికెట్ మీద ఎక్కే టైమ్ టోక్యోది, దిగే టైమ్ హెల్సింకీది, యాప్ ఎలాగూ చెప్పింది కదా అని మధ్యలో ఎన్ని గంటలో విడిగా లెక్కేసుకోలేదు. తీరా ఎక్కి కూర్చున్నాక పైలట్ 13 గంటలు పడుతుందన్నారు. తప్పు విన్నానేమో అనుకున్నా, కాసేపయ్యాక స్క్రీన్ మీద మ్యాప్ చూస్తే విమానం పడమరకి కాదు, పసిఫిక్ మీదుగా అలాస్కా వైపు, ఉత్తర ధ్రువం పక్కనుంచి తిరిగి పోతోంది. 2022 ఫిబ్రవరి వరకూ సైబీరియా మీదుగా పోయేవి, ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా గగనతలం యూరప్ విమానాలకి మూసేశారు. యాప్‌కి అవేం పట్టవు, భూగోళం మీద అతి దగ్గరి గీత గీసి, గంటకి 850 కిలోమీటర్ల లెక్కన భాగించి, టేకాఫ్ ల్యాండింగ్‌కి ఓ అరగంట కలిపేస్తుంది. చివరి మూడు గంటలూ అమ్మ సీటు పట్టుకుని నిలబడే ఉంది. దిగేటప్పుడు చెప్పులు పట్టలేదు.

అంతకుముందు లండన్, న్యూయార్క్ మధ్య తిరిగినప్పుడు ఇదే యాప్‌ని అందరికీ చెప్పి మరీ పెట్టించా. 5,550 కిలోమీటర్లు, ఏడు గంటలు అంది, లండన్ వచ్చేటప్పుడు అంతే పట్టింది కూడా. న్యూయార్క్ వెళ్లేటప్పుడు దాదాపు ఎనిమిది పట్టిన సంగతి అప్పుడు పట్టించుకోలేదు. బాగా ఎత్తులో పడమర నుంచి తూర్పుకి వీచే జోరు గాలి, అదే జెట్ స్ట్రీమ్, వెనక నుంచి నెడితే ఒక లెక్క, ఎదురొస్తే ఇంకో లెక్క. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ వైపు మానేసి పసిఫిక్ మీదుగా వెళ్తే దూరం 15,300 కిలోమీటర్లకి పెరిగి కూడా టైమ్ తగ్గింది, గాలికి అంత బలం. ఇందులో మాత్రం వెళ్లడానికీ రావడానికీ ఒకటే అంకె.

దూరం కోసమైతే ఇప్పటికీ తెరుస్తా, మ్యాప్ మీద ఆ వంపు గీత చూడ్డం నాకిష్టం. ఒక్కరే తిరిగేవాళ్లకి మూడు గంటల తేడా పెద్ద విషయం కాకపోవచ్చు, నాకు మాత్రం పెద్దదే. ఇప్పుడు టికెట్ మీది రెండు టైమ్‌లనీ యూటీసీకి (ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే టైమ్‌కి) మార్చి ఒకదాన్లోంచి ఇంకోటి తీసేసి చూస్తున్నా, పైగా ఆ ఫ్లైట్ పోయిన వారం నిజంగా ఎంతసేపు గాల్లో ఉందో ట్రాకింగ్ సైట్‌లో చూసుకుంటున్నా. ఈసారి అమ్మకి మధ్యలో ఒక రాత్రి ఆగి వెళ్లే టికెట్ తీశా.