సేల్‌లో స్టిక్కర్ కింద ఇంకో ధర ఉంటోంది, గీకి చూడండి

ఆషాఢం సారె కోసమో, శ్రావణంలో వ్రతాలకి పెట్టుబడుల కోసమో ఇప్పుడు బట్టలు, ఇంటి సామాన్లు కొంటున్నవాళ్లు కొనేముందు ఇది ఒక్కసారి చదవండి. ఊళ్లో ఏళ్ల తరబడి ఉన్న దుకాణాల గురించి కాదు నేను చెప్పేది. ఫంక్షన్ హాలు అద్దెకి తీసుకుని, ‘ఫ్యాక్టరీ క్లియరెన్స్’, ‘ఎక్స్‌పోర్ట్ సర్‌ప్లస్’, ‘80 శాతం దాకా తగ్గింపు’ అని ఫ్లెక్సీ కట్టి, వారమో పది రోజులో అమ్మి సర్దుకుపోయేవాళ్ల గురించి. పాలకొల్లు, నరసాపురం, భీమవరం, తణుకు వైపు ఈ ముసురులో ఇలాంటి సేల్‌లు బాగా తిరుగుతున్నాయి. గోదావరి దాటితే కోనసీమలోనూ అదే ఆటో, అదే మైకు.

మా అక్క కూతురికి మాఘంలో పెళ్లి చేశాం. అత్తారిది రాజోలు వైపు. మొదటి ఆషాఢం కాబట్టి సారె ఘనంగా పంపాలని అక్క ఆరాటం. ‘మిల్లు మూసేస్తున్నారు, ఉన్న సరుకు ఉన్నట్టు అమ్మేస్తున్నారు’ అని ఆటోలో మైకు అరుస్తుంటే వెళ్లి దుప్పట్ల సెట్లు, అయిదు లీటర్ల ప్రెషర్ కుక్కరు, నరసాపురం లేసు అని చెప్పిన టేబుల్ క్లాత్, ప్యూర్ పట్టు అని చెప్పిన చీర తెచ్చింది. నేను టైలరింగ్ చేస్తాను. చీరకి ఫాలు, పీకో వేయమని, అన్నీ ఓసారి చూడమని మా షాపుకి పట్టుకొచ్చింది.

దుప్పటి కవరు మీద ఎమ్మార్పీ 2,999 అని స్టిక్కరు. 70 శాతం తగ్గించి 900కి ఇచ్చారట. ముసురుకి ఆ స్టిక్కరు జిగురు వదిలి ఒక మూల లేచి ఉంది. గోటితో మెల్లగా లాగితే కింద కంపెనీ అచ్చు వేసిన అసలు ధర కనబడింది: 799. అంటే 70 శాతం తగ్గింపు పోను కూడా అసలు ధర కన్నా 101 రూపాయలు ఎక్కువే తీసుకున్నారు. దాని మీద జీఎస్టీ అని 18 శాతం, ఇంకో 162 రూపాయలు కలిపారు. 799 వస్తువు చివరికి 1,062 అయింది. అక్క ముఖం చూడలేకపోయాను. పిల్ల సారె కోసం దాచుకున్న డబ్బులవి.

ఇందులో ఎన్ని తప్పులున్నాయో చూడండి. ఎమ్మార్పీ అంటేనే పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర. దాన్ని మించి ఒక్క రూపాయి తీసుకున్నా నేరమే. ప్యాకెట్ సరుకులకి 2011లో వచ్చిన తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ధర మీద స్టిక్కరు వేయాలంటే తగ్గించడానికే వేయాలి, అది కూడా కంపెనీ అచ్చు వేసిన పాత ధరని కప్పకూడదు. పెంచడానికి స్టిక్కరు వేసే వీలే లేదు. పాత ధరని కప్పేసిన స్టిక్కరు కనబడితే ఇంకేమీ ఆలోచించకుండా ఆ వస్తువు అక్కడే పెట్టేసి బయటికి రావచ్చు. ఇక ఆ 18 శాతం సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి రెడీమేడ్ బట్టలైనా, దుప్పట్ల లాంటివైనా ఒక్కోటి 2,500 రూపాయల దాకా జీఎస్టీ 5 శాతమే. తగ్గింపు బోర్డు పెట్టి, తగ్గించిన ధర మీద మళ్లీ పన్ను వేయడం అనుచిత వ్యాపార పద్ధతి అని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017లోనే చెప్పింది.

దుప్పటి చేతిలోకి తీసుకోగానే నాకు అనుమానం వచ్చింది. కవరు మీద ‘100% కాటన్’ అని ఉంది, బట్టేమో జారుతోంది. ఒక చుక్క నీళ్లు వేశాను. కాటన్ అయితే ఇట్టే పీల్చేస్తుంది. ఇది ముత్యంలా నిలబడి పక్కకి దొర్లింది. కొత్త బట్టకి గంజి గట్టిగా పట్టి ఉన్నా నీళ్లు నిలుస్తాయి కాబట్టి అంచులోంచి రెండు పోగులు లాగి అగ్గిపుల్ల చూపించాను. కాటన్ పోగు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. ఇది కరిగి ముడుచుకుని, చల్లారాక నల్లటి పూసలా గట్టిగా మిగిలింది, ప్లాస్టిక్ వాసన. పూర్తిగా పాలియెస్టరు. మన డెల్టా ఉక్కకి, కరెంటు పోయిన రాత్రి ఆ దుప్పటి మీద పడుకుంటే వీపు అంటుకుపోతుంది. టేపు పెట్టి కొలిస్తే ‘కింగ్ సైజు, 108 బై 108’ అని రాసినది 90 బై 96 అంగుళాలే వచ్చింది. సేల్‌కి వెళ్లేవాళ్లు పర్సులో ఒక టేపు పడేసుకోండి. కవరు విప్పి కొలవనివ్వకపోతే కొనకండి.

చీర సంగతీ అంతే. పట్టు పోగు కాలిస్తే వెంట్రుక కాలిన కంపు రావాలి, మిగిలింది నలిపితే పొడి అయిపోవాలి. ఇదీ పూసలా మిగిలింది. పట్టు అని చెప్పి అమ్ముతుంటే అది అసలు పట్టేనని తెలిపే సిల్క్ మార్క్ లేబుల్ అడగండి. లేదంటే దాన్ని మామూలు సింథటిక్ చీర అనుకుని, ఆ ధరే ఇవ్వండి.

ఇవన్నీ డబ్బు నష్టం. కుక్కరు మాత్రం ప్రాణాలకి ముప్పు, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను.

మన దేశంలో ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కరుకి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. ఆ ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1 నుంచి అమల్లో ఉంది. గుర్తు లేని కుక్కర్లు అమ్మనిచ్చినందుకు 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ రెండు పెద్ద ఆన్‌లైన్ కంపెనీలకి చెరో లక్ష రూపాయలు జరిమానా వేసి, కొన్నవాళ్లకి డబ్బు తిరిగివ్వమంది. అంత పెద్దవాళ్లనే వదలని విషయం ఇది. అక్క తెచ్చిన కుక్కరు పెట్టె మీద ఐఎస్‌ఐ బొమ్మ లాంటిది ఉంది గానీ నంబరు లేదు, కుక్కరు మీద అసలు ఏ గుర్తూ లేదు. నిజమైన గుర్తుకి పైన ఐఎస్ 2347 అని, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరుని ఫోన్‌లో, ఐఎస్‌ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో, ఇప్పుడు చెల్లుతోందో లేదో వచ్చేస్తుంది. దుకాణంలో నిలబడే చూసుకోవచ్చు.

మూత తిప్పి చూశాక నా గుండె ఆగినంత పనైంది. మామూలుగా పప్పు నురగో, మెతుకో వెళ్లి విజిల్ గొట్టం మూసుకుపోతే లోపలి ఆవిరికి వేరే దారి కావాలి. ఆ దారే సేఫ్టీ వాల్వు. వేడి మితిమీరితే అందులోని లోహం కరిగి ఆవిరిని వదిలేస్తుంది. ఈ మూతకి పైన వాల్వు లాంటి గుండ్రటి బిళ్ల ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూస్తే విజిల్ రంధ్రంలోంచి వెలుగు వచ్చింది. లోపలి నుంచి చూస్తే బిళ్ల ఉన్నచోట మూతకి రంధ్రమే లేదు, నున్నటి రేకు. బిళ్లని ఊరికే అలంకారానికి అతికించారు. ఇది కొత్త కోడలి వంటింటికి వెళ్లాల్సిన వస్తువు! అలాంటి సేల్‌లో కుక్కరు కొన్నవాళ్లుంటే దయచేసి వాడకండి. పనిమనిషికి ఇచ్చేయడం, ఇంకొకరికి అమ్మేయడం కూడా వద్దు. వాళ్లింట్లోనూ పిల్లలుంటారు. ఫిర్యాదుకి సాక్ష్యంగా పెట్టెతో సహా పక్కన పెట్టుకోండి.

లేసు గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు అరుగు మీద కూర్చుని సన్నటి కొక్కెం సూదితో అల్లే లేసు మనందరికీ తెలిసిందే. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కళ్లు లాగేసేలా అల్లినా వాళ్ల చేతికొచ్చే కూలి ఎంత తక్కువో అక్కడివాళ్లని అడిగితే చెబుతారు. ఆ ఊరికి కూతవేటు దూరంలో నిలబడి మిషను మీద వచ్చిన నైలాన్ అల్లికని ‘నరసాపురం లేసు’ అని అమ్మడం చూస్తే ఒళ్లు మండింది. చేతి అల్లికలో రెండు పువ్వులు పక్కపక్కన పెట్టి చూస్తే బిగువులో కాస్త తేడా ఉంటుంది, దారం నూలుది, ముడి వేసి లోపలికి దోపిన చివర ఎక్కడో కనబడుతుంది. మిషను దాంట్లో పువ్వులన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి, అంచు వేడితో కోసినట్టు గరుగ్గా తగులుతుంది. లేసు కావాలంటే నేరుగా అల్లేవాళ్ల దగ్గరికో, వాళ్ల సంఘాల దగ్గరికో వెళ్లండి. బేరం చేసినా ఆ డబ్బు వాళ్లకే చేరుతుంది.

మర్నాడు అన్నీ పట్టుకుని హాలుకి వెళ్లాం. కౌంటరు దగ్గర కుర్రాడు తల కూడా ఎత్తకుండా గోడ మీద బోర్డు చూపించాడు: ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు, మార్చబడదు.’

“బోర్డు సంగతి తర్వాత బాబూ, ఈ స్టిక్కరు కింద ధర ఏంటి?” అని అడిగాను.

“అది పాత స్టాకు ధరండి.”

“పాత స్టాకుకి కొత్త ధర ఎవరు వేశారు?”

“ఓనరు లేరండి, రేపు రండి.”

రెండు రోజులాగి వెళ్తే హాలుకి తాళం. అక్క దగ్గరున్న కాగితం మీద ‘ఎస్టిమేట్’ అని, అంకెలు తప్ప ఏమీ లేవు. దుకాణం పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు ఏదీ లేదు. ఫోన్‌లో డబ్బు పంపిన పేరు చూస్తే ఫ్లెక్సీ మీదున్న పేరు కాదు, ఎవరో మనిషి పేరు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడారు, ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. కానీ మొదట అడిగింది దుకాణం చిరునామా.

అందుకే డబ్బు ఇచ్చేముందే బిల్లు రాయించుకోండి, ఇచ్చాక కాదు. బయటి రాష్ట్రం నుంచి వచ్చి కొన్నాళ్లు అమ్మేవాళ్లు కూడా జీఎస్టీలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, 90 రోజుల దాకా ఇస్తారు. మన రాష్ట్రంలో తీసుకున్న నంబరైతే 37తో మొదలవుతుంది, మొత్తం 15 అక్షరాలు. జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో తెలుస్తుంది. స్కాన్ చేశాక వచ్చే పేరు, బిల్లు మీద పేరు ఒకటి కాకపోతే ఎందుకని అక్కడే నిలదీయండి. ఫ్లెక్సీని, కౌంటరుని, ధర స్టిక్కరుని ఫొటో తీసుకోండి.

ఆ ‘వాపసు తీసుకోబడదు’ బోర్డుకి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న సరుకుని వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా అంతే. గడువు బిల్లు మీద రాసి ఉంటే అది, లేకపోతే 30 రోజులు. రంగు నచ్చలేదనో, మనసు మారిందనో వెనక్కిస్తామంటే మాత్రం ఈ చట్టం సాయపడదు, అది దుకాణం వాళ్ల ఇష్టం.

తగ్గింపు అంటేనే మోసం అనడం లేదు. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, రైతుల చేతిలో డబ్బంతా దమ్ములకి, నాట్లకి పోతుంది, శ్రావణానికి కొత్త సరుకు దిగాలి. అందుకని దుకాణాలు పాత సరుకు నిజంగానే తగ్గించి వదిలించుకుంటాయి. ఊళ్లో నమ్మకమైన దుకాణంలో 20, 30 శాతం తగ్గింపు నిజమే అయి ఉంటుంది. రాజమండ్రి తాడితోట హోల్‌సేల్ మార్కెట్‌కి నలుగురు కలిసి వెళ్లి కొనుక్కున్నా డబ్బు మిగులుతుంది. రేపు కూడా తాళం తీసి ఉండే దుకాణంలో కొనండి, నేననేది అంతే.

మేం ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తున్నాం. అమ్మినవాడిది ఏ ఊరైనా మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు. అయిదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, రెండేళ్ల దాకా గడువుంది, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. స్టిక్కర్ల విషయం తూనికలు కొలతల శాఖకి, కుక్కరు విషయం బీఐఎస్‌కి విడిగా రాశాం. హాలు అద్దెకిచ్చినవాళ్ల దగ్గర తీసుకున్నవాళ్ల వివరాలు ఉండాలి కాబట్టి వాళ్లనీ అడుగుతున్నాం. ఒకేలా నష్టపోయినవాళ్లు కమిషన్ అనుమతితో కలిసి ఒకే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఈ ఆషాఢంలో పాలకొల్లు, నరసాపురం వైపు ఇలాంటి హాలు సేల్‌లో కొని, ‘ఎస్టిమేట్’ చీటీ గానీ, ఫోన్‌లో డబ్బు పంపిన రసీదు గానీ ఉన్నవాళ్లు వాటిని పారేయకుండా నాకు కబురు చేయండి.