ఓమ్ ఎఫ్, డీడీడీ, ఎంబీఎల్: 360 డిగ్రీల స్పీకర్లలో ఏది మేలు?

ఓమ్ ఎఫ్, డీడీడీ, ఎంబీఎల్ మూడూ శబ్దాన్ని ఒక్క ముందుకే కాక నలువైపులా పంపే స్పీకర్లు. మొదటి రెండింటికీ మూలం లింకన్ వాల్ష్ రూపొందించిన డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే భాగం. దానికి 1969లో పేటెంట్ వచ్చింది. అందులో కోన్ మొన పైకి, వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగచుట్ట) ఆ మొన దగ్గర ఉంటాయి. కాయిల్ కదిలితే అల కోన్ గోడ వెంట కిందికి దిగుతుంది, అదీ గాలిలో ధ్వని కంటే వేగంగా. కోన్ వాలు ఆ వేగానికి కుదిరితే, పైనుంచి కింది దాకా వెలువడిన శబ్దమంతా ఒకే అలగా నలువైపులా సాగుతుంది.

1970ల నాటి ఓమ్ ఎఫ్ దీన్నే చేసి చూపింది. కోన్ పైభాగం టైటానియం, నడుమ అల్యూమినియం, అడుగున కాగితం. శబ్దాన్ని విడదీసి వేర్వేరు డ్రైవర్లకు పంచే క్రాసోవరే లేదు కాబట్టి గొంతు రెండు డ్రైవర్ల మధ్య చీలదు. ఆ నిండుదనం నిజంగా గొప్పది.

కానీ ట్రెబుల్ (హెచ్చు స్వరాలు) పలికే ఆ కోనే బేస్ (లోతైన స్వరాలు) కోసం బారుగా ఊగాలి. సెన్సిటివిటీ (ఇచ్చిన పవర్‌కు వచ్చే శబ్దం) తక్కువ కావడంతో వాల్యూమ్ పెంచుతాం, అతిగా పెంచితే కాయిల్ మాడిపోతుంది. పైగా కోన్ అంచు చుట్టూ ఉండే ఫోమ్ కాలంతో కుళ్లుతుంది. పాతది కొనేటప్పుడు ముందు ఆ ఫోమ్‌ను టార్చితో చూడండి. జిగటగా ఉన్నా, పొడిగా రాలుతున్నా మార్చాల్సిందే. తర్వాత 40 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి చెవి ఆనించండి. గీరుతున్న చప్పుడు వస్తే కాయిల్ అయస్కాంతపు గ్యాప్‌లో నడిమధ్యన లేనట్టే. ఫోమ్ మార్చి కాయిల్‌ను సెంటర్ చేయకపోతే తీగ మీది పూత అరిగి షార్ట్ అవుతుంది.

జర్మన్ ఫిజిక్స్ వారి డీడీడీ ఈ రోగానికి సరైన మందు. సూత్రం వాల్ష్‌దే, కానీ సుమారు 200 హెర్ట్జ్ కింది భారమంతా వేరే ఊఫర్‌ది, అంటే బేస్ పలికే డ్రైవర్‌ది. కోన్ పెద్దగా ఊగక్కర్లేదు కాబట్టి పల్చగా చేయగలిగారు: టైటానియమైతే 0.025 మి.మీ., కార్బన్ ఫైబరైతే 0.15 మి.మీ. టైటానియం రేకు వేలు తగిలినా సొట్టపోతుంది. పిల్లలున్న ఇంట్లో కార్బనే తీసుకోండి.

ఎంబీఎల్ దారి వేరు. పుచ్చకాయ చారల్లా నిలువుగా వంగిన రేకులు కాయిల్ కదలికకు ఉబ్బి, ముడుచుకుంటాయి. బేస్, మిడ్, ట్రెబుల్‌కు వేర్వేరు గుత్తులు. బలమైన ఆంప్లిఫయర్ లేకపోతే వీటి జోలికి వెళ్లొద్దు.

నా ఓటు డీడీడీకే. ఓమ్ ఎఫ్ అయితే బాగుచేసినది దొరికి, మితమైన వాల్యూమ్‌లో వినేవారికి మాత్రమే.

ఏది కొన్నా గోడకు ఆనించి పెట్టకండి. గోడ నుంచి 60 సెం.మీ. దూరంలో తిరిగొచ్చే శబ్దం 143 హెర్ట్జ్ దగ్గరి స్వరాన్ని బాగా తగ్గించేస్తుంది, మీటరు దూరంలో 86 హెర్ట్జ్ దగ్గరిదాన్ని. రెండు స్పీకర్లకూ పక్కగోడ సమాన దూరంలో ఉండాలి. లేకపోతే గాయకుడి గొంతు ఒక పక్కకు జరుగుతుంది.