ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ళకు ఇంగ్లీషు: ఏ మెటీరియల్ మేలు?

జడ్చర్లలో సాయంత్రాలు నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళలో సగం మందికి శంషాబాద్ ఎయిర్‌పోర్టుతోనే పని. కొందరు విమానంలోకి సామాను ఎక్కిస్తారు, కొందరు హ్యాంగర్‌లో, అంటే విమానాలు బాగుచేసే షెడ్డులో, టెక్నీషియన్లకు హెల్పర్లు. వాళ్ళ కోసం మెటీరియల్ వెతికితే ముందుగా దొరికేది పైలట్ల ఇంగ్లీషే.

పైలట్లకు, టవర్ నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లకు ఇకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) ఆరు స్థాయిల భాషా ప్రమాణం పెట్టింది. అంతర్జాతీయ విమానాలకు కనీసం నాలుగో స్థాయి ఉండాలి. 1977లో స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. రేడియోలో మాట సరిగ్గా అర్థం కాకపోవడం అందులో ఒక కారణం. అందుకే ఆ మెటీరియల్ అంత ఎక్కువ. కానీ ట్రాలీ తోసే పిల్లవాడు టవర్‌తో మాట్లాడడు. ఏ, బీ, సీ అక్షరాలను ఆల్ఫా, బ్రావో, చార్లీ అని పలికే వరుస మాత్రం నేర్పండి. మన దేశపు విమానాల రిజిస్ట్రేషన్ 'వీటీ'తో మొదలవుతుంది, దాన్ని 'విక్టర్ టాంగో' అని చదవడం వస్తే చాలు. మిగతాది పక్కన పెట్టొచ్చు.

రెండోది అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ వాళ్ళ మెయింటెనెన్స్ టెక్నీషియన్ హ్యాండ్‌బుక్, జనరల్ భాగం. పీడీఎఫ్ ఉచితం. పనిముట్ల బొమ్మలు, విమానాన్ని నిలిపేటప్పుడు చేసే చేతి సైగలు, ఇంధనం నింపేటప్పుడు తీసుకోవాల్సిన జాగ్రత్తలు, అన్నీ ఉన్నాయి. వాక్యాలు పొడుగు, కొలతలు ఎక్కువగా అంగుళాలు, పౌండ్లలో. అభ్యాసాలు మనమే రాసుకోవాలి. రూల్స్ మాత్రం అందులోవి చెప్పొద్దు, ఇక్కడ నడిచేది మన దేశపు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ రూల్స్.

మూడోది ఎస్‌టీఈ, అంటే సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లీష్. దాన్ని తయారుచేసినవాళ్ళను అడిగితే ఉచితంగా పంపుతారు. నిజానికి ఇది మాన్యువల్స్ రాసేవాళ్ళ కోసం చేసింది. సాధారణ పదాలు దాదాపు 900, వీలైనంతవరకు ఒక మాటకు ఒకే అర్థం, పని చెప్పే వాక్యం 20 పదాలు దాటకూడదు. దీని విలువ నాకు ఒక్క మాట దగ్గర తెలిసింది. 'రీప్లేస్ ద ఫిల్టర్' అని బోర్డు మీద రాసి అర్థం అడిగాను. 'తీసి మళ్ళీ అక్కడే పెట్టాలి సార్' అన్నాడు ఒకడు. 'కాదు, కొత్తది వేయాలి' అన్నాడు పక్కవాడు. మామూలు ఇంగ్లీషులో రెండూ తప్పు కావు. ఎస్‌టీఈలో మాత్రం ఉన్నది తీసి వేరేది వేయడమే రీప్లేస్.

ఇంకొకటి, మాన్యువల్‌లో వార్నింగ్ వేరు, కాషన్ వేరు. మొదటిది మనిషికి ప్రమాదమని, రెండోది సామానుకు నష్టమని. తెలుగులో రెండిటినీ 'హెచ్చరిక' అనేస్తాం. ఈ తేడా మొదటి వారంలోనే చెప్పాలి, ఇది ప్రాణాలతో పని.

నన్ను అడిగితే హ్యాంగర్‌ వాళ్ళకు ఎస్‌టీఈ ముందు, ర్యాంపు మీద, అంటే విమానాలు నిలిపే చోట, సామాను ఎక్కించేవాళ్ళకు హ్యాండ్‌బుక్‌లోని బొమ్మలు ముందు. మాట్లాడడం ఈ రెండిట్లోనూ లేదు. దానికి నేను షిఫ్ట్ అప్పగింత ఆడిస్తాను: ఒకరు ఎంతవరకు పని అయిందో ఇంగ్లీషులో చెప్పాలి, రెండోవాళ్ళు విన్నది తిరిగి చెప్పాలి. పోయిన వారం ఆ ఫిల్టర్ పిల్లవాడే మధ్యలో ఆపి, 'సేమ్ వన్ ఆర్ న్యూ వన్?' అని అడిగాడు.