స్టెరాయిడ్ ఒక్కటే చాలా, ఎన్‌ఏసీ కూడా కలపాలా?
కళ్లు పచ్చబడి, పొట్టలో నీరు చేరి గుంటూరు జీజీహెచ్‌కు తెచ్చిన మనిషికి మద్యం వల్ల లివర్ తీవ్రంగా వాచిందని తేలితే, ముందుగా ఆలోచించే మందు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్. రోజుకు 40 మిల్లీగ్రాములు, 28 రోజులు. వాపు తగ్గిస్తుంది, కానీ ఇన్‌ఫెక్షన్‌ను తట్టుకునే శక్తినీ తగ్గిస్తుంది. ఈ జబ్బులో చాలామంది ప్రాణం తీసేది ఆ ఇన్‌ఫెక్షనే.

రెండో దారిలో అదే స్టెరాయిడ్‌కు తోడుగా మొదటి 5 రోజులు ఎన్-అసిటైల్ సిస్టీన్ (ఎన్‌ఏసీ) నరంలోకి ఎక్కిస్తారు. పారాసెటమాల్ అతిగా మింగినవాళ్లకు ఇచ్చే విరుగుడే ఇది. మద్యం దెబ్బకు లివర్‌లో అడుగంటిన గ్లుటాథయోన్‌ను, అంటే కణాలను దెబ్బతినకుండా కాపాడే యాంటీఆక్సిడెంట్‌ను, తిరిగి నింపుతుంది. ఫ్రాన్స్‌లో 174 మందిపై జరిగి 2011లో వెలువడిన ట్రయల్‌లో, స్టెరాయిడ్ ఒక్కటే వాడినవాళ్లలో నెలలోపు 24 శాతం మంది పోయారు. రెండూ వాడినవాళ్లలో 8 శాతమే. ఇన్‌ఫెక్షన్లూ తగ్గాయి. 6 నెలలకు మాత్రం మరణాలు వరుసగా 38, 27 శాతాలు. ఆ తేడాను గట్టిగా నమ్మలేం.

అయినా నా మొగ్గు రెండోదానికే. ఆ మొదటి నెల గడవడమే ఇంటివాళ్లకు పెద్ద టెన్షన్ కదా, డాక్టర్‌ను అడగండి. స్టెరాయిడ్ మానేసి యాంటీఆక్సిడెంట్లు మాత్రమే వాడదామనుకోవద్దు. అలా పోల్చి చూసిన ట్రయల్‌లో స్టెరాయిడ్ వాడినవాళ్లే ఎక్కువమంది బతికారు.